పరుగెత్తి పాలు తాగొద్దు!

విదేశీ యాత్ర అనగానే ఒకప్పుడు విమానం, హోటలు, బస్సు గుర్తొచ్చేవి. ఇప్పుడు వాటి పక్కన ఓడ కూడా చేరింది. అమెరికాలోనో, లండన్‌లోనో స్థిరపడ్డ పిల్లలు నాన్నగారి షష్టిపూర్తికో, అమ్మానాన్నల పెళ్లి రోజుకో మధ్యధరా సముద్రంలో వారం రోజుల ఓడ ప్రయాణం బుక్ చేసేస్తున్నారు. రోజూ పెట్టెలు సర్దుకునే పని లేదు. భోజనం కోసం వెతుక్కునే పని లేదు. పడుకుని లేచేసరికి కిటికీ బయట కొత్త ఊరు. పెద్దవాళ్లకు ఇంతకంటే సుఖమేముంది?

చిక్కల్లా ఆ కొత్త ఊళ్లోనే. పొద్దున వచ్చిన ఓడ సాయంత్రానికి వెళ్లిపోతుంది. మధ్యలో ఉన్న గంటల్లోనే ఊరు చూడాలి. ఆ ఊరు ఇటలీలోని నేపుల్స్ అయితే ఇక చెప్పక్కర్లేదు. ఎదురుగా వెసూవియస్ అగ్నిపర్వతం, దాని పాదాల దగ్గర క్రీ.శ. 79లో బూడిద కింద పూడిపోయిన పాంపీ, హెర్క్యులేనియం. పక్క రేవులోంచి కాప్రి దీవికి పడవలు. మరో పక్క సొరెంటో. అన్నీ రమ్మని పిలుస్తుంటాయి. అన్నిటికీ వెళ్లాలనే ఉంటుంది.

ఇక్కడే ఇంట్లో చర్చ మొదలవుతుంది. ఓడ వాళ్లు అమ్మే టూరు కొనుక్కోవాలా? మనంతట మనమే దిగి వెళ్లి రావాలా? అల్లుడుగారు లెక్కలు వేసి సొంతంగా వెళ్తే సగం డబ్బు మిగులుతుందంటారు. మామగారు ఓడ వెళ్లిపోతే ఏం చేస్తామంటారు. ఇద్దరి మాటలోనూ నిజముంది. కానీ అసలు విషయం డబ్బూ కాదు, భయమూ కాదు. సమయం.

ఓడ టూరులో ఏముంది?

ముందు ఓడ టూరు సంగతి చూద్దాం. దానికున్న పెద్ద గుణం ఒక్కటే. ఓడ వాళ్లు అమ్మిన టూరు బస్సు ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఆలస్యమైతే ఓడ దాని కోసం ఆగుతుంది. ఆగలేకపోతే ఆ ప్రయాణికులను తర్వాతి రేవుకు చేర్చే బాధ్యత వాళ్లే తీసుకుంటారు. సొంతంగా వెళ్లినవాళ్ల కోసం మాత్రం ఓడ ఆగదు. అందులో ఎవరి తప్పూ లేదు. వేలమంది ప్రయాణికులు, ముందే కుదుర్చుకున్న రేవు సమయం, మర్నాడు పొద్దున మరో ఊరు... నలుగురి కోసం ఆపడం వాళ్లవల్ల కాదు.

ఇక లోపం. బస్సులో నలభై మంది ఉంటారు. నలభై మంది దిగాలి, లెక్క తేలాలి, టికెట్లు పంచాలి, తిరిగి ఎక్కాలి. మధ్యలో ఏదో దుకాణం దగ్గర ఆపడం కూడా మామూలే. ఇవన్నీ పోను శిథిలాల మధ్య మిగిలేది చాలాసార్లు రెండు గంటలే. అదీ గైడు ఎత్తిపట్టుకున్న జెండా వెనక పరుగు. మోకాళ్ల నొప్పులున్న అమ్మ వెనకబడిపోతుంది. చరిత్ర మీద ఇష్టమున్న నాన్న గోడ మీది బొమ్మ ముందు నిలబడేసరికి గుంపు మలుపు తిరిగిపోతుంది.

అంచేత సొంతంగా వెళ్లేవాళ్లు సంపాదించుకునేది డబ్బు కంటే తీరిక. ఆ తీరికకు ఇచ్చే ధర గడియారం మీద కాపలా. ఈ రెండూ గుర్తుంటే ప్రణాళిక దానంతటదే తయారవుతుంది. వచ్చిన చిక్కేమిటంటే చాలామంది సొంతంగా బయల్దేరి, పాంపీ, వెసూవియస్ శిఖరం, సొరెంటోలో భోజనం, వీలైతే కాప్రి అని చీటీ రాసుకుంటారు. అంటే ఓడ టూరు కంటే ఎక్కువ పరుగు! పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్లు తాగడం మేలని పెద్దలు ఊరికే అనలేదు. ఒక రోజుకు ఒక శిథిల నగరం. అదే నియమం.

లెక్క చివరి నుంచి

మనం రోజును పొద్దున్నుంచి లెక్కపెడతాం. ఓడ ప్రయాణంలో మాత్రం సాయంత్రం నుంచి వెనక్కి లెక్కపెట్టాలి. ఒక ఉదాహరణ చూడండి.

ఓడ ఉదయం 7కి వచ్చి సాయంత్రం 6కి బయల్దేరుతుందనుకుందాం. కాగితం మీద 11 గంటలు. కానీ అందరూ ఎక్కేసి ఉండాల్సిన సమయం అంతకంటే ముందే ఉంటుంది. అది 5.30 అనుకోండి. సొంతంగా వెళ్లినవాళ్లు దానికి మరో గంటన్నర ముందు, అంటే 4 గంటలకు రేవులో ఉండాలి. ఈ గంటన్నర వృథా కాదు. రైలు రద్దయితే తర్వాతి రైలుకో టాక్సీకో పనికొచ్చే పెట్టుబడి. రైలుకు నిరీక్షణ, 40 నిమిషాల ప్రయాణం, తర్వాత మెట్రో... ఇవన్నీ వెనక్కి లెక్కేస్తే పాంపీ గేటు నుంచి మధ్యాహ్నం 2 గంటలకల్లా బయటపడాలి.

ఇప్పుడు పొద్దుటి వైపు రండి. ఓడ 7కి ఆగినా తాళ్లు కట్టి, అధికారుల అనుమతి వచ్చి, వరసలో దిగేసరికి 8 అవుతుంది. మెట్రో, రైలు కలిపి పాంపీ చేరేసరికి 9.30. అంటే 11 గంటల బస కాస్తా నాలుగున్నర గంటల పాంపీ అయింది. ఈ లెక్క ముందే తెలిస్తే చీటీలోంచి సొరెంటో, కాప్రి వాటంతటవే రాలిపోతాయి.

మరో మాట. కొన్ని ఓడలు ఊరి సమయాన్ని కాకుండా తమ సొంత సమయాన్ని పాటిస్తాయి. సెల్‌ఫోను మాత్రం ఒడ్డున దిగగానే ఊరి సమయానికి మారిపోతుంది. రెండింటికీ గంట తేడా ఉంటే కొంప మునుగుతుంది. దిగే ముందు ఓడ గడియారం చూసి చేతి గడియారం సరిచేసుకోండి. ఆ రోజు ఓడ వాళ్లు పంచే కాగితాన్ని ఫోటో తీసి పెట్టుకోండి. ఎక్కాల్సిన సమయం, రేవులోని ఓడ ఏజెంటు ఫోను నంబరు అందులో ఉంటాయి.

రేవు నుంచి దారి

నేపుల్స్‌లో ఓడలు ఆగే చోటు ఊరి నడిబొడ్డునే ఉంటుంది. ఎదురుగా కనిపించే నల్లటి బురుజుల కోట కాస్తెల్ నువొవో. దాని దగ్గరే మునిచిపియో మెట్రో స్టేషను. ఓడ దిగి నాలుగడుగులు వేస్తే చాలు. ఇది ఒకటో నంబరు లైను. ఇక్కడ ఒక చక్కని సంగతి ఉంది. ఇటు వెళ్తే మూడో స్టేషను గారిబాల్ది, అంటే రైల్వే స్టేషను. అటు వెళ్తే మూడో స్టేషను మ్యూజియో, అంటే జాతీయ పురావస్తు మ్యూజియం. ఈ రెండూ గుర్తుపెట్టుకోండి. మన రోజంతా ఈ ఆరు స్టేషన్ల మధ్యే తిరుగుతుంది.

గారిబాల్దిలో దిగి చిర్కుమ్‌వెసూవియానా అనే స్థానిక రైలు ఎక్కాలి. పేరుకు తగ్గట్టే వెసూవియస్ పాదాల చుట్టూ తిరిగే రైలిది. నేపుల్స్ నుంచి సొరెంటో వెళ్లే బండి ఎక్కితే 20 నిమిషాలకు ఎర్కొలానో స్కావి వస్తుంది. హెర్క్యులేనియంకు దిగాల్సింది అక్కడే. అదే రైల్లో ఇంకాస్త ముందుకెళ్తే పాంపీ స్కావి వస్తుంది. దాని పూర్తి పేరులో విల్లా దెయ్ మిస్తెరి అని కూడా ఉంటుంది. స్కావి అంటే తవ్వకాలు. ఆ మాట ఉన్న స్టేషనులోనే దిగాలి. ఎందుకంటే పాంపీ అనే పేరుతో మరో రెండు స్టేషన్లు వేరే లైన్ల మీద ఉన్నాయి. అవి ఇప్పటి పాంపీ పట్నానివి. వాటిలో దిగినా శిథిలాలకు నడిచి వెళ్లొచ్చుగానీ, మనం అనుకున్న గేటుకు చాలా దూరం.

ఈ రైలు సౌకర్యాన్ని ఎక్కువగా ఊహించుకోకండి. రద్దీగా ఉంటుంది. ఆఫీసులకు వెళ్లేవాళ్లు, కాలేజీ పిల్లలు, మనలాంటి యాత్రికులు అందరూ అందులోనే. జేబుదొంగలకూ అదే రైలు ఇష్టం. పాస్‌పోర్టు, డబ్బు చొక్కా లోపలి సంచిలో ఉండాలి. వేసవి సీజన్లో అదే లైను మీద యాత్రికుల కోసం కాంపానియా ఎక్స్‌ప్రెస్ అనే బండి కూడా నడుస్తుంది. టికెట్టు ఎక్కువైనా ముందే సీటు దొరుకుతుంది. పెద్దవాళ్లతో వెళ్లేవారికి ఆ తేడా పెట్టడం దండగ కాదు.

ఇటలీలో రైల్వే సమ్మెలు కొత్తేమీ కాదు. వాటిని సాధారణంగా ముందే ప్రకటిస్తారు. సమ్మెను అక్కడివాళ్లు షోపెరో అంటారు. ఆ మాట స్టేషను బోర్డు మీద కనిపిస్తే ఆ రోజుకు రైలు ఆలోచన మానేయండి. ఐదారుగురు ఉన్న కుటుంబమైతే డ్రైవరుతో సహా వ్యాను మాట్లాడుకోవడం మంచి మార్గం. తలా ఇంత అని పంచుకుంటే చాలాసార్లు ఓడ టూరు ధరను మించదు. టాక్సీ అయితే నేపుల్స్‌లో కొన్ని దూరాలకు అధికారికంగా నిర్ణయించిన ధరలున్నాయి. ఆ ధర కావాలని ఎక్కకముందే చెప్పాలి. దిగాక అడిగితే లాభం లేదు.

పాంపీయా, హెర్క్యులేనియమా?

ఇక అసలు ప్రశ్న. రెండూ ఒకే అగ్నిపర్వతం మింగిన ఊళ్లు. కానీ మింగిన తీరు వేరు.

పాంపీ మీద మొదట గంటల తరబడి తేలికపాటి గులకరాళ్లు, బూడిద వానలా కురిశాయి. ఆ బరువుకు ఇళ్ల కప్పులు కూలిపోయాయి. తర్వాత మండే వాయువుల ప్రవాహాలు వచ్చి మిగిలినవాళ్లను చంపేశాయి. అందుకే పాంపీలో గోడలు, వీధులు మిగిలాయిగానీ పై అంతస్తులు అంతగా మిగల్లేదు. హెర్క్యులేనియం మీదికి నేరుగా ఆ మండే ప్రవాహాలే దూసుకొచ్చి, ఊరిని దాదాపు 20 మీటర్ల లోతున కప్పేశాయి. ఆ వేడికి చెక్క బూడిద కాకుండా బొగ్గయి నిలిచిపోయింది. అక్కడ తలుపులు, దూలాలు, మంచాలు, గదిని రెండు చేసే చెక్క తడికె కూడా ఇప్పటికీ చూడొచ్చు.

పాంపీ పెద్దది. ఊరు మొత్తం 66 హెక్టార్లు. అందులో మూడో వంతు ఇంకా మట్టి కిందే ఉంది. తవ్విందే ఒక రోజులో తిరగలేం. హెర్క్యులేనియంలో బయటపడింది అందులో దాదాపు పదో వంతు. మిగతా ఊరి మీద ఇప్పటి ఎర్కొలానో పట్నం నిలబడి ఉంది. కాబట్టి రెండు గంటల్లో నిదానంగా చూసేయొచ్చు.

నా సలహా ఇది. కాళ్లలో సత్తువ ఉండి, ఒక రోమన్ నగరం ఎంత పెద్దదో కళ్లారా చూడాలనుకుంటే పాంపీ. అమ్మానాన్నలు, చిన్నపిల్లలు వెంట ఉంటే హెర్క్యులేనియం. అయితే స్టేషను నుంచి అక్కడికి దారి పల్లంగా దిగుతుంది. అంటే తిరిగొచ్చేటప్పుడు ఎక్కాలి. ఆ సంగతి గుర్తుంచుకుని నీళ్లూ ఓపికా మిగుల్చుకోండి.

పాంపీలో నాలుగు గంటలు

పాంపీ స్కావి స్టేషను ఎదురుగానే పోర్తా మరీనా ద్వారం. అక్కడి నుంచి ఫోరం, అంటే ఊరి రచ్చబండ, న్యాయస్థానం, గుడి, సంత అన్నీ కలిసిన మైదానం. దాని వెనకాలే వెసూవియస్ కనిపిస్తుంది. అక్కడ ఐదు నిమిషాలు ఊరికే నిలబడండి. ఊరికీ కొండకీ ఉన్న దూరం చూస్తే పుస్తకాల్లో చదివిందంతా అర్థమవుతుంది.

అక్కడి నుంచి స్నానశాల, 'కుక్కతో జాగ్రత్త' అని లాటిన్‌లో రాయి పలుకులతో పొదిగిన గుమ్మం ఉన్న ఇల్లు, తర్వాత ఫాన్ ఇల్లు, ఇరవయ్యేళ్ల మరమ్మతుల తర్వాత 2023 జనవరిలో తెరిచిన వెట్టీల ఇల్లు. ఆపైన అబ్బొందాంత్సా వీధిలోకి రండి. ఆ వీధి పొడవునా రాతి అరుగుల్లో కుండలు బిగించిన దుకాణాలు కనిపిస్తాయి. మన టిఫిన్ కొట్ల లాంటివన్నమాట. రోడ్డు రాళ్ల మీద బండి చక్రాలకు గాళ్లు పడి ఉంటాయి. వర్షపు నీరు, మురుగు తొక్కకుండా వీధి దాటడానికి వేసిన ఎత్తు రాళ్లు పిల్లలకు భలే నచ్చుతాయి. వీధి మధ్యలోంచి కిందికి దిగితే పెద్ద నాటకశాల. ఇక్కడితో ఆపేసి వెనక్కి తిరగడం మంచిది. గ్లాడియేటర్లు పోరాడిన ఆంఫీథియేటర్ ఊరికి ఆ చివర ఉంది. అటు వెళ్లొస్తే గంట పోతుంది.

లోపల నీడ తక్కువ. వేసవిలో టోపీ, గొడుగు తప్పనిసరి. మంచినీళ్ల కుళాయిలు అక్కడక్కడా ఉన్నాయి కాబట్టి ఖాళీ సీసా చాలు. రాళ్ల మీద నడవాలి కనుక చెప్పులొద్దు, బూట్లే. పెద్ద సంచులు లోపలికి రానివ్వరు. చక్రాల కుర్చీ, పిల్లల బండి ఉన్నవాళ్లు పియాజ్జా ఆంఫీతియాత్రో ద్వారం నుంచి వెళ్తే చదునుగా ఏర్పాటు చేసిన ప్రత్యేక దారి ఉంటుంది.

టికెట్టు సంగతి ముఖ్యం. 2024 నవంబరు నుంచి పాంపీలోకి రోజుకు 20 వేల మందినే అనుమతిస్తున్నారు. టికెట్టు మీద పేరు ఉంటుంది. గుర్తింపు కార్డులోని పేరూ అదీ ఒకటే కావాలి. మన ఇంటిపేర్ల గొడవ తెలిసిందే కదా! పాస్‌పోర్టులో ఎలా ఉందో అలాగే, అక్షరం పొల్లు పోకుండా బుక్ చేయండి. నెలలో మొదటి ఆదివారం ప్రవేశం ఉచితం. అది వినడానికి బాగుంటుందిగానీ ఓడ ప్రయాణికులకు ఆ రద్దీ పనికిరాదు. మీ ఓడ ఆ రోజే నేపుల్స్‌లో ఆగితే హెర్క్యులేనియం వైపు వెళ్లండి. అక్కడా ఆ రోజు ఉచితమే అయినా జనం పాంపీ అంత ఉండరు.

ఓడ కోసం ఎదురుచూసినవాళ్లు

హెర్క్యులేనియంకు వెళ్తే ఒకచోట తప్పక ఆగండి. ఊరికి దిగువన ఒకప్పుడు సముద్రపు ఒడ్డు. అక్కడ పడవలు దాచుకునే కమాను గదులు వరసగా ఉన్నాయి. చాలాకాలం పండితులు ఈ ఊరి జనమంతా తప్పించుకున్నారనే అనుకున్నారు. ఎందుకంటే వీధుల్లో అస్థిపంజరాలు పెద్దగా దొరకలేదు. 1980లో ఈ గదుల దగ్గర తవ్వకాలు మొదలయ్యాక నిజం తెలిసింది. మూడొందల మందికి పైగా అక్కడ ఒకరినొకరు హత్తుకుని ఉన్నారు. ఆడవాళ్లు, పిల్లలు ఎక్కువగా గదుల లోపల, మగవాళ్లు ఎక్కువగా బయట ఇసుక మీద. పడవల కోసం ఎదురుచూస్తూ ఉండగానే మండే ప్రవాహం వచ్చేసింది. ఇప్పుడు ఆ గదుల్లో కనిపించేవి అసలు ఎముకలు కావు, వాటి నమూనాలు. అయినా గుండె బరువెక్కుతుంది. ఆ పాత ఒడ్డును 2024 జూన్‌లో సందర్శకుల కోసం తెరిచారు. సముద్రం మాత్రం ఇప్పుడు అక్కడ లేదు. అగ్నిపర్వతం పోసిన మట్టికి కొన్ని వందల మీటర్లు వెనక్కి జరిగింది.

వాళ్ల కోసం ఓడలు రాకపోలేదు. అఖాతానికి అవతల మిసేనం రేవులో రోమన్ నౌకాదళం ఉండేది. దాని అధిపతి ప్లినీ. వింత మేఘాన్ని దగ్గర నుంచి చూద్దామని మొదట చిన్న ఓడ సిద్ధం చేయమన్నాడు. అంతలో కాపాడమని ఒకావిడ నుంచి కబురు వచ్చింది. వెంటనే పెద్ద యుద్ధ నౌకలతో బయల్దేరాడు. బూడిద, రాళ్లు మీద పడుతున్నా వెనుదిరగలేదు. కానీ ఒడ్డు దగ్గరకు ఓడలు చేరలేకపోయాయి. దక్షిణంగా స్టాబియే వైపు వెళ్లి, మర్నాడు అక్కడే ప్రాణాలు విడిచాడు. ఈ సంగతులన్నీ అప్పటికి పదిహేడేళ్ల వయసున్న అతని మేనల్లుడు తర్వాత ఉత్తరాల్లో రాశాడు.

ఈ ప్లినీతో మనకో చుట్టరికం ఉంది. అతను రాసిన ప్రకృతి చరిత్ర అనే ఉద్గ్రంథంలో ఆంధ్రుల ప్రస్తావన ఉంది. ఎన్నో పల్లెలు, ప్రాకారాలూ బురుజులూ ఉన్న 30 నగరాలు, లక్ష కాల్బలం, 2 వేల గుర్రాలు, వెయ్యి ఏనుగులు ఉన్న జాతి అని అందులో రాశాడు. మన పాఠ్యపుస్తకాల్లో చదువుకున్న ఆ మాటలు రాసినాయన ఈ అఖాతం ఒడ్డునే, ఓడలో జనాన్ని కాపాడబోయి పోయాడు. భారతదేశంతో వ్యాపారంలో ఏటా 5 కోట్ల సెస్టర్సులు తరలిపోతున్నాయని వాపోయిందీ ఈయనే.

రైలు లేకపోతే మ్యూజియం ఉంది

సమ్మె వచ్చింది. లేదా ఓడే రెండు గంటలు ఆలస్యంగా చేరింది. అప్పుడేం చేయాలి? పాంపీని బలవంతంగా ఆ మిగిలిన గంటల్లో ఇరికించకండి. మెట్రోలో అటువైపు మూడు స్టేషన్లు వెళ్లండి.

నిజానికి పాంపీ, హెర్క్యులేనియంలలో దొరికిన మంచి బొమ్మలు, గోడ చిత్రాలు, రాయి పలుకుల పటాలు, పాత్రలు చాలావరకు ఈ మ్యూజియంలోనే ఉన్నాయి. అక్కడ ఉన్నది ఇల్లయితే, ఇక్కడ ఉన్నది ఇంట్లోని సామాను. కాబట్టి ఇది రెండో తరగతి ఏర్పాటు కాదు. మంగళవారం మాత్రం సెలవు.

ఇక్కడ ఒక చిన్న దంతపు బొమ్మ ఉంది. జానెడు కంటే కాస్త ఎక్కువ ఎత్తు. నగలు పెట్టుకుని, పక్కన ఇద్దరు చెలికత్తెలతో నిలబడిన భారతీయ స్త్రీ. 1938లో పాంపీలోని ఒక ఇంట్లో దొరికింది. మొదట లక్ష్మీదేవి అన్నారు. ఇప్పుడు చాలామంది పండితులు యక్షిణి అంటారు. సాతవాహనుల కాలపు పట్నమైన, ఇప్పటి మహారాష్ట్రలోని భోకర్దన్‌లో దొరికిన దంతపు బొమ్మకూ దీనికీ దగ్గరి పోలికలున్నాయి. దక్కన్ వైపు నుంచి ఓడెక్కి అంత దూరం వెళ్లిన బొమ్మ కావచ్చు. అది ఉండే విభాగం పేరు రహస్య గది. శృంగార శిల్పాలు, చిత్రాలు ఉంచిన గది కాబట్టి పిల్లలతో వెళ్లేవాళ్లు ముందే చూసుకోండి.

పెద్దవాళ్లతో వెళ్లే కుటుంబాలకు నేను చెప్పే చక్కని రోజు ఇది. ఉదయం 9 నుంచి 11.30 దాకా హెర్క్యులేనియం. రైల్లో గారిబాల్దికి వచ్చి, అక్కడి నుంచి నేరుగా మెట్రోలో మ్యూజియో. దగ్గర్లో భోజనం. శాకాహారులకు నేపుల్స్‌లో ఇబ్బంది లేదు, అది పిజ్జా పుట్టిన ఊరు. మారినారా పిజ్జాలో టమాటా, వెల్లుల్లి, నూనె తప్ప జున్ను కూడా ఉండదు. తర్వాత గంటన్నర మ్యూజియం. మూడు స్టేషన్లు వెనక్కి వస్తే 4 గంటలకు రేవు. ఎక్కడా పరుగు లేదు.

కాగితాలు సరిచూసుకోండి

కుటుంబంలో అందరి పాస్‌పోర్టులూ ఒకటి కావు. అమెరికా పౌరసత్వం తీసుకున్న కొడుక్కి ఇటలీలో దిగడానికి వీసా అక్కర్లేదు. గ్రీన్‌కార్డుతో భారత పాస్‌పోర్టు మీదున్న కోడలికి షెంజెన్ వీసా కావాలి. గ్రీన్‌కార్డు ఉంది కదా అని ఆగిపోకూడదు. అమ్మానాన్నలకూ కావాలి. ఓడ మధ్యలో టర్కీకో, మాంటెనెగ్రోకో వెళ్లి మళ్లీ గ్రీసుకో ఇటలీకో వస్తుందంటే షెంజెన్ ప్రాంతం దాటి తిరిగి వచ్చినట్టే. అప్పుడు ఒకసారి ప్రవేశానికిచ్చే వీసా చాలదు, పలుమార్లు ప్రవేశానికి వీలున్నది అడగాలి. క్రొయేషియా 2023 జనవరి నుంచి షెంజెన్‌లోనే ఉంది. ఆగే ప్రతి దేశం నిబంధనా టికెట్టు కొనకముందే చూసుకోండి.

ఒకవేళ ఓడ దాటిపోతే? ముందు ఏజెంటుకు ఫోను చేయండి. తర్వాతి రేవు ఇటలీలోనే అయితే రైల్లో వెళ్లి అందుకోవచ్చు. మాల్టా, బార్సిలోనా అయితే విమానం టికెట్టు. ఖర్చంతా మనదే. వేరే వీసా కావాల్సిన దేశమైతే ఇంకా ఇబ్బంది. అందుకే పాస్‌పోర్టు, బ్యాంకు కార్డు, ఆ రోజుకే కాక మర్నాటికీ సరిపడా మందులు ఒంటి మీదే ఉండాలి. బీపీ, షుగరు ఉన్నవాళ్లు ఈ మాట మరిచిపోవద్దు. ఓడ వాళ్లు పాస్‌పోర్టు తమ దగ్గరే ఉంచుకుంటే కనీసం దాని నకలు, ఓడ కార్డు వెంట ఉండాలి.

సొంతంగా వెళ్లకూడని సందర్భాలూ ఉన్నాయి. ఓడ ఆగేది ఆరేడు గంటలే అయితే, నడవలేనివాళ్లు ఉండి వ్యాను దొరకకపోతే, తర్వాతి రేవుకు వెళ్లే వీసా చేతిలో లేకపోతే, ఓడ టూరే కొనండి. లేదా మ్యూజియంతో సరిపెట్టుకోండి. అందులో చిన్నతనమేమీ లేదు.

బయల్దేరే ముందు రాత్రి ఒక చీటీ రాసి అందరి చేతికీ ఇవ్వండి. అందులో మూడే మాటలుండాలి. చూడబోయే ఒక్క చోటు. అది కుదరకపోతే వెళ్లే మరో చోటు. రేవులో కలవాల్సిన సమయం. మధ్యలో తప్పిపోయినా ఆ మూడో మాట అందర్నీ ఒకచోటికి చేరుస్తుంది. ఇక మిగతా రోజంతా మీది. గోడ మీది బొమ్మ ముందు నాన్నగారిని ఎంతసేపైనా నిలబడనివ్వండి. పాంపీ అంతా చూడలేదేమని తర్వాత ఎవరైనా అడిగితే, రెండు వందల ఏళ్లకు పైగా తవ్వుతున్నవాళ్లే ఇంకా పూర్తిగా చూడలేదని చెప్పండి!